చెరువుల్లోకి రోబోలను దించుతున్న వారికి ఒక బహిరంగ లేఖ

విషయం: నీటి నాణ్యత కోసం వాడుతున్న స్వయంచాలక రోబోలను ఎక్కడ పెడుతున్నారు, అవి ఇచ్చే లెక్కలు ఎవరికి చేరుతున్నాయి, వాటి మీద ఏ చర్య తీసుకుంటున్నారు అనే విషయాల గురించి.

గౌరవనీయులైన చెరువుల, సరస్సుల నిర్వహణ అధికారులకు, ఈ యంత్రాలు తయారుచేసే ఇంజనీర్లకు, వీటికి నిధులు మంజూరు చేసే పెద్దలకు,

నమస్కారం.

నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. సీసాల్లో వచ్చిన నీటిని పరీక్షించి, అంకెలు రాసి, సంతకం పెట్టి పంపడం నా పని. ఒక సరస్సులో రోబో పడవను దించాక, అది చూపే రీడింగులకూ మా ఫలితాలకూ పొంతన కుదరడం లేదని గమనించాం. ఆ రోబో రికార్డులు ఒకసారి చూపించమని సంబంధిత కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగాం. ఆ నీటి మీద బతికే జాలర్లు వేరేగా అర్జీ పెట్టుకున్నారు. అర్జీలు అందాయని ముద్ర వేసి ఇచ్చిన కాగితాలు మా దగ్గర ఉన్నాయి, జవాబు మాత్రం ఎవరికీ రాలేదు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్కరిని వేలెత్తి చూపితే మిగతావాళ్లు ఇది తమకు కాదనుకుంటారు. రోబో కొన్న ప్రతిచోటా ఇదే జరిగే అవకాశం ఉంది కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, రోబోలు వద్దని నేను అనడం లేదు. మా ల్యాబ్ ఎప్పటికీ చేయలేని పనులు అవి చేస్తాయి. మనిషి పడవ వేసుకుని వెళ్లి సీసా నింపుకొచ్చేది పగటిపూట, అదీ నెలకోసారో మూడు నెలలకోసారో. ఆ సీసాలో ఉన్నది ఆ గంటకు, ఆ చోట, ఆ లోతులో ఉన్న నీరు మాత్రమే. పక్క గంటలో ఏం జరిగిందో మాకు తెలియదు. రోబో అర్ధరాత్రి కూడా తిరుగుతుంది, ఒకే దారిలో విసుగు లేకుండా మళ్లీ మళ్లీ వెళ్తుంది, పైనున్న నీటినీ అడుగునున్న నీటినీ విడివిడిగా కొలుస్తుంది. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2017లో ఎన్విరోబాట్ అనే రోబోను జెనీవా సరస్సులో ఈదించి చూపించారు. సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవుండే ఆ యంత్రం పాము చేపలా మెలికలు తిరుగుతూ వెళ్తుంది. ఒడ్డు దగ్గర కొంత మేర నీటిలో ఉప్పు కలిపి వదిలితే, విద్యుత్ వాహకత (లవణాలు ఎక్కువైతే నీటిలో కరెంటు ఎక్కువ పారే గుణం) ఎక్కడ ఎలా మారిందో మ్యాపు గీసి ఇచ్చింది. దానికి తిరిగే రెక్కలు ఉండవు కాబట్టి అడుగు బురదను లేపదు, నాచులో చిక్కుకోదు. సింగపూర్ జలాశయాల్లో అక్కడి జాతీయ విశ్వవిద్యాలయం, నీటి సంస్థ కలిసి హంస ఆకారంలో ఉన్న రోబోలను వదిలాయి. మన కథల్లో హంస పాలనూ నీళ్లనూ వేరు చేస్తుంది. ఈ హంస వేరు చేయలేదు, నీటిలో ఏముందో కొలిచి చెప్తుంది. అది కూడా చిన్న పనేమీ కాదు.

ఇంత చేయగల యంత్రం చేత మనం చేయిస్తున్నది ఏమిటి? చాలాచోట్ల నీటి మీద తేలే ప్లాస్టిక్ సీసాలు ఏరిస్తున్నాం. ప్రారంభోత్సవం రోజు ఫోటోలు బాగా వస్తాయి. చెత్త ఏరడం తప్పని ఎవరూ అనరు. కానీ చెరువును చంపేది కంటికి కనిపించే చెత్త కంటే నీటిలో కరిగి ఉన్నదే ఎక్కువ. మురుగు నీటిలో, డిటర్జెంట్లలో, పొలాల నుంచి వచ్చే ఎరువుల్లో ఉండే ఫాస్ఫరస్ అందులో ముఖ్యమైనది. కెనడాలో 1973లో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం ప్రయోగాలకు కేటాయించిన 226 నంబరు సరస్సును నడుమ దగ్గర ఒక తెరతో రెండుగా విడదీసింది. రెండు భాగాల్లోనూ కార్బన్, నత్రజని కలిపారు. ఒక భాగంలో అదనంగా ఫాస్ఫరస్ కూడా కలిపారు. ఫాస్ఫరస్ పడిన వైపు నీరు పచ్చటి నాచుతో నిండిపోయింది, రెండో వైపు మామూలుగానే ఉంది. విమానం నుంచి తీసిన ఆ ఫోటోలో సరస్సు సగం పచ్చగా, సగం నల్లగా ఉంటుంది. ఈ విషయంలో ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

అమెరికాలోని వాషింగ్టన్ సరస్సు తేరుకున్నది కూడా ఆ దారిలోనే. శుద్ధి చేసిన మురుగే అయినా సరే, సరస్సులోకి రాకుండా 1963 నుంచి 1968 వరకు దశలవారీగా మళ్లించారు. కొన్నేళ్లలోనే నీరు తేటపడి, లోపలికి చూపు పోయే లోతు పెరిగింది. అక్కడ రోబో లేదు, పైపులు ఉన్నాయి. అంతకుముందే ఏళ్ల తరబడి కొలిచి పెట్టిన ఎడ్మండ్సన్ అనే శాస్త్రవేత్త లెక్కలు ఉన్నాయి. ఆ లెక్కలు జనానికి తెలిశాయి కాబట్టే పైపులకు డబ్బు ఖర్చు పెట్టడానికి ఒప్పుకున్నారు. నా లేఖ సారమంతా ఇదే. రోబో ఇచ్చే అంకె జనం ముందుకు రావాలి, ఆ అంకె మురుగును ఆపే పనికి దారితీయాలి. ఆ రెండూ జరగకపోతే యంత్రం నీటి మీద బొమ్మలా తిరుగుతూ ఉంటుంది.

ఇక మా డిమాండ్లు. ఒక్కొక్కటీ ఎందుకు అడుగుతున్నామో కూడా రాస్తున్నాను.

1. మురుగు కలిసే చోటే ముందు కాపలా పెట్టండి.

సరస్సు మధ్యలో తిరిగే రోబోకు కాలుష్యం పలచబడిపోయాకే కనిపిస్తుంది. దొంగ వచ్చే తలుపు వదిలేసి పెరట్లో కావలి కాసినట్టు ఉంటుంది ఇది. మురుగు కాల్వలు, వాన నీటి కాల్వలు కలిసే ప్రతిచోటా స్థిరంగా ఉండే కొలత పరికరాలు ఉండాలి. ఎక్కడైనా వాహకత ఉన్నట్టుండి పెరిగితే, రోబో అటు వెళ్లి ఆ ధార ఏ గట్టు నుంచి వస్తోందో వెతకాలి. మురుగు నీటిలో లవణాలు ఎక్కువ కాబట్టి ఆ జాడ పట్టుకోవడం కష్టమేమీ కాదు. నీటి మట్టం కింద దాచిన పైపులనైతే సోనార్‌తో, అంటే శబ్ద తరంగాలతో, వెతకొచ్చు.

సమయం సంగతి కూడా చూడండి. ఎవరైనా దొంగతనంగా వ్యర్థాలు వదిలేది రాత్రిపూట. వాటికవే వచ్చేది మొదటి వానకు. పొడి రోజుల్లో రోడ్ల మీద, కాల్వల్లో పేరుకున్న నూనె, పెంట, మట్టి అన్నీ మొదటి గంట వానలోనే ఎక్కువగా కొట్టుకొస్తాయి. సరిగ్గా ఆ గంటలోనే, గాలివాన అని, రోబోను తీసి షెడ్డులో పెడుతున్నారు. గాలివానలో పడవను నడపడం ప్రమాదమే, ఒప్పుకుంటాం. అందుకే స్థిరమైన పరికరాలు అడుగుతున్నాం. అమెరికాలోని బాల్టిమోర్ ఓడరేవులో 2014 నుంచి చెత్త పట్టే చక్రం ఒకటి పనిచేస్తోంది. అది రేవంతా తిరగదు, వాగు వచ్చి కలిసే ముఖద్వారంలోనే ఉంటుంది. వాన పడితే దానికి పని ఎక్కువ, సెలవు కాదు.

2. రోజు సగటు మానేసి, రోజులోకెల్లా తక్కువ అంకె చెప్పండి.

నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి ఆక్సిజన్ పీల్చుకుంటుంది. 30 డిగ్రీల వేడిలో శుభ్రమైన నీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నం మూడింటికి 12 కూడా చూపించవచ్చు. అది ఆరోగ్యం కాదు, జబ్బు లక్షణం. అదే నీరు తెల్లవారుజామున ఐదింటికి 1కి పడిపోతుంది. రెండూ కలిపి సగటు తీస్తే 6.5 వస్తుంది. ఒడ్డున పెట్టిన బోర్డు మీద ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఆ దీపం కిందే చేపలు పైకి తేలి నోళ్లు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటుంటాయి. జాలరికి కావలసింది సగటు కాదు. రాత్రి రెండింటికి ఆక్సిజన్ జారుతోందని ఫోనుకు ఒక మెసేజ్ వస్తే, వలలో ఉన్న చేపనైనా అప్పుడే తీసుకుంటాడు, లేదా గాలి కొట్టే యంత్రం ఆన్ చేయమని ఎవరినో లేపుతాడు. పొద్దున్నే వెండి రంగులో తేలిన చచ్చిన చేపలను చూశాక ఎంత కచ్చితమైన సగటు ఇచ్చినా అతనికి ఒరిగేదేమీ లేదు.

అడుగున ఉన్న నీటినీ కొలవండి. అడుగున ఆక్సిజన్ అయిపోతే, బురదలో ఇనుముతో బంధించి ఉన్న ఫాస్ఫరస్ విడిపోయి మళ్లీ నీటిలోకి వస్తుంది. బయటి మురుగు పూర్తిగా ఆపేసినా కొన్ని చెరువులు ఏళ్ల తరబడి పచ్చగానే ఉండిపోయేది దీనివల్లే. పూడిక తీయాలా వద్దా, తీస్తే ఎక్కడ, అనేది ఈ అడుగు లెక్క చూడకుండా నిర్ణయిస్తే డబ్బు మట్టిపాలే. స్వీడన్‌లోని ట్రుమ్మెన్ సరస్సులో 1970, 71లో అడుగు బురదను తోడేశాకే నీరు బాగుపడింది. ప్రతి చెరువుకూ అదే మందు కాదు. ఏది అవసరమో చెప్పగలిగేది అడుగు వరకు వెళ్లే యంత్రమే.

3. సెన్సర్ ఎప్పుడు తుడిచారో, ఎప్పుడు సరిచూశారో అంకెతో పాటే రాయండి.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ మా గొడవ మొదలైంది ఇక్కడే. నీటిలో ఉంచిన సెన్సర్ గాజు మీద కొద్ది రోజుల్లోనే జిగురు పొర పడుతుంది. వేలితో తాకితే జారుతుంది, వెలుతురుకు పట్టి చూస్తే లేత ఆకుపచ్చ. దాని మీద మెత్తటి మట్టి అంటుకుంటుంది, ఆ మట్టిలో కంటికి ఆనని పురుగులు కాపురం పెడతాయి. అప్పటి నుంచి ఆ సెన్సర్ చెరువును కొలవడం మానేసి తన మీద ఉన్న పొరనే కొలుస్తుంది. తుడిచే చిన్న బ్రష్షు చాలా పరికరాలకు ఉంటుంది. అది అరిగిపోతుంది, ఆగిపోతుంది. స్క్రీన్ మీద అంకె మాత్రం రెండు దశాంశాలతో సహా నిక్కచ్చిగా కనిపిస్తూనే ఉంటుంది.

ఇంకొకటి. నాచును కొలిచే సెన్సర్ దాని మీద వెలుతురు వేసి, అది తిరిగి వెదజల్లే మెరుపును చూస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో నాచు తనను తాను కాపాడుకోవడానికి ఆ మెరుపును తగ్గించుకుంటుంది. నీటి పైపొరలో ఆ సమయంలో తీసిన రీడింగు ఉన్నదానికంటే తక్కువ నాచు చూపిస్తుంది. ఒకే చెరువు, ఒకే రోజు, పన్నెండింటికి ఒక మాట, రాత్రి ఒక మాట. గంట, లోతు, సెన్సర్ శుభ్రం చేసిన తేదీ లేని అంకెను మా ల్యాబ్‌లో చెత్తబుట్టలో వేస్తాం. ప్రజలకు అదే అంకెను బోర్డు మీద రాసి చూపించడం ఎలా సబబు?

కాబట్టి: శుద్ధి చేయని అసలు అంకెలు, కాలిబ్రేషన్ (సెన్సర్‌ను సరిచూసిన) రికార్డులు, యంత్రం పనిచేయని రోజుల జాబితా, ఈ మూడూ ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా ఉండాలి. అర్థం చేసుకోవడానికి స్థానిక భాషలో ఒక పేజీ వివరణ ఉండాలి. జనానికి తెలిస్తే పానిక్ అవుతారన్నది మాకు చాలాసార్లు వినిపించిన మాట. తెలియనప్పుడే జనానికి టెన్షన్ ఎక్కువ, పుకార్లు ఎక్కువ.

4. రోబో వచ్చిందని ల్యాబ్ పరీక్షలు తగ్గించవద్దు.

మామూలు రోబోకు తెలిసేవి కొన్నే: ఉష్ణోగ్రత, ఆమ్లత్వం, వాహకత, నీటి మసక, ఆక్సిజన్, నాచు రంగు. ఫాస్ఫేట్ కొలవాలంటే రసాయనాలు కలిపి రంగు మార్చి చూసే ప్రత్యేక పరికరం కావాలి. మలం ద్వారా వచ్చే బ్యాక్టీరియాను లెక్కపెట్టాలంటే మా ల్యాబ్‌లో దాదాపు ఒక రోజంతా వెచ్చగా ఉంచి పెంచాలి. సీసం, ఆర్సెనిక్ లాంటివి ఈ పడవలకు అసలు కనిపించవు. అన్ని దీపాలూ పచ్చగా వెలుగుతున్న నీటిలో దిగిన పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే ఆ కుటుంబం ఎవరిని నమ్మాలి?

నాచు విషం సంగతి ఇంకా తీవ్రం. నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తాగునీటిలో దీర్ఘకాలానికి లీటరుకు 1 మైక్రోగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 2014 ఆగస్టులో ఈరీ సరస్సు నీరు తాగే అమెరికాలోని టొలీడో నగరంలో ఈ విషం బయటపడి, 4 లక్షల మందికి పైగా కొళాయి నీరు తాగవద్దని చెప్పాల్సి వచ్చింది. మరిగిస్తే ఈ విషం పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మరిగించి తాగితే చాలు అనే మన అలవాటు మాట ఇక్కడ చెల్లదు. 2007లో చైనాలోని తాయ్ సరస్సు నాచు వల్ల వూషీ నగరంలో సుమారు 20 లక్షల మందికి తాగునీరు లేకుండా పోయింది. 1996లో బ్రెజిల్‌లోని కరువారులో ఈ విషం ఉన్న నీటితో డయాలసిస్ చేయించుకున్న రోగుల్లో 50 మందికి పైగా చనిపోయారు. ఈరీ సరస్సులో ఆ తర్వాత విషాన్ని నీటిలోనే పరీక్షించే పరికరాలు కూడా పెట్టారు. అలాంటివి ఉన్నచోట మంచిదే. లేనిచోట నాచు రంగు సెన్సర్ మోగిన వెంటనే సీసా ల్యాబ్‌కు రావాలి. రంగు చూసి విషం ఎంతో చెప్పలేం.

5. అలారం మోగితే ఎవరు కదలాలో ముందే రాసిపెట్టండి.

ఈ లేఖలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే అని నా అభిప్రాయం. యంత్రం తన పని చేస్తుంది. ఆక్సిజన్ పడిపోయిందనో, వాహకత పెరిగిందనో సందేశం పంపుతుంది. ఆ సందేశం ఎవరి ఫోనుకు వెళ్తుంది? అతను సెలవులో ఉంటే? కాల్వ ఒక శాఖది, చెరువు ఇంకొక శాఖది, తాగునీరు మూడో శాఖది అయినప్పుడు ఎవరు బయల్దేరాలి? ఏ అంకె దాటితే, ఎన్ని గంటల్లో, ఏ హోదాలో ఉన్న అధికారి ఏం చేయాలో ఒక్క పేజీలో రాసి ప్రకటించండి. చర్య తీసుకోకపోతే కారణం రాసి పెట్టాలని కూడా చేర్చండి. రోబో కొనే ఫైలుతో పాటే ఈ పేజీ కూడా మంజూరు కావాలి. ఈ పేజీ లేని రోబోకు బిల్లు పాస్ చేయవద్దని నిధులిచ్చే పెద్దలను ప్రత్యేకంగా కోరుతున్నాం.

6. మందు చల్లే రోబోల విషయంలో తొందరపడవద్దు.

ఇప్పుడు నాచు కనిపించిన చోటికి తానే వెళ్లి మందు చల్లే యంత్రాల గురించి మాట్లాడుతున్నారు. వినడానికి గొప్పగా ఉంది. ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో 1979లో జలాశయంలో నాచు పెరిగితే కాపర్ సల్ఫేట్ అనే రాగి మందు చల్లారు. నాచు చచ్చింది. చస్తూ తనలోని విషాన్నంతా ఒక్కసారిగా నీటిలోకి వదిలింది. ఆ తర్వాత 148 మంది జబ్బుపడ్డారు, వాళ్లలో 138 మంది పిల్లలు. మందు చల్లింది మనుషులే, యంత్రం కాదు. అదే నిర్ణయాన్ని ఇప్పుడు అడిగేవాళ్లు లేకుండా, అర్ధరాత్రి, ఒక ప్రోగ్రాము తీసుకుంటే ఏమవుతుంది? పటిక లాంటివి కూడా ఆమ్లత్వం అదుపు తప్పితే చేపలకు హాని చేస్తాయి. రాగి అడుగు బురదలో పేరుకుపోతుంది. కొలవడం వరకు రోబోకు స్వేచ్ఛ ఇవ్వండి. నీటిలో ఏదైనా కలపాలంటే మాత్రం ఒక మనిషి సంతకం, ముందు రోజు ప్రకటన, ఆ నీరు తాగునీటికి వెళ్తుంటే తూము మూసివేత తప్పనిసరి చేయండి.

7. తీసిన గుర్రపుడెక్కను గట్టు మీద వదలొద్దు. అది కుళ్లి, దానిలోని పోషకాలన్నీ తర్వాతి వానకు మళ్లీ నీటిలోకే దిగుతాయి. ఎన్ని టన్నులు తీశారన్న లెక్క ఒక్కటే ఇస్తే సరిపోదు, అది ఎక్కడికి చేరిందో చెప్పాలి.

8. నీటి మీద బతికేవాళ్లను మొదటి రోజే పిలవండి.

రోబో దారి గీసేటప్పుడు జాలర్లను ఎవరూ అడగరు. యంత్రం వల మీదుగా వెళ్తుంది, వల చిరుగుతుంది, రెక్కలకు దారాలు చుట్టుకుని యంత్రం కూడా ఆగిపోతుంది. నష్టం ఇద్దరికీ, కానీ పరిహారం అడిగేందుకు ఒక నంబరు కూడా ఉండదు. అసలు వాళ్లను అడిగితే మీకే లాభం. ఏ మూల నీరు ముందుగా వాసన వస్తుందో, ఏ కాల్వలో రాత్రి నురగ కనిపిస్తుందో, ఎక్కడ చేప గుడ్లు పెడుతుందో వాళ్లకు తెలిసినంత ఏ మ్యాపులోనూ ఉండదు. నీటిలో దిగి చేతులతో మురుగు తీసే కార్మికుల మాటేమిటన్నది కూడా తేల్చండి. ప్రమాదకరమైన పని యంత్రానికి ఇవ్వడం మంచిదే. ఆ పేరుతో వాళ్లను ఇంటికి పంపకుండా, సెన్సర్లు తుడిచే పని, యంత్రం నిర్వహణ పని నేర్పించి ఇవ్వండి. పైన 3వ అంశంలో చెప్పిన జిగురు పొరను ఎవరో ఒకరు తుడవాలి కదా.

9. ఒప్పందంలో మూడు మాటలు ఉండాలి: అంకెలు ప్రజల సొత్తు, కంపెనీవి కావు; విడిభాగాలు, మరమ్మతు ఎన్నేళ్లు ఇస్తారో ఖరారు చేయాలి; కంపెనీ వెళ్లిపోయినా పాత రికార్డులు చదవగలిగే రూపంలో మిగలాలి. చెరువు తేరుకోవడానికి పట్టేది పదేళ్లు, ఇరవయ్యేళ్లు. రెండేళ్ల ఒప్పందం ముగియగానే లెక్కలు మాయమైతే, నీరు బాగుపడిందో లేదో చెప్పడానికి ఆధారమే ఉండదు.

ఇంజనీర్లకు విడిగా ఒక మాట. మీరు పడే కష్టం మాకు తెలియనిది కాదు. నీటి అడుగున జీపీఎస్ పనిచేయదు, రేడియో తరంగాలు వెళ్లవు, బ్యాటరీ ఎప్పుడూ చాలదు. ఇన్ని అడ్డంకుల మధ్య యంత్రం ఇంటికి తిరిగి రావడమే పెద్ద విషయం. కానీ ప్రదర్శనల్లో మీరు యంత్రం ఎంత తెలివైనదో చెప్తారు, అది ఎక్కడ తప్పు చెప్తుందో చెప్పరు. ప్రతి రీడింగు పక్కన ఎంత మేర తేడా ఉండవచ్చో రాయండి. సెన్సర్ మీద పొర పడిందని యంత్రానికే అనుమానం వస్తే, ఆ అంకెను బోర్డు మీద చూపించకుండా ‘పరిశీలనలో ఉంది’ అని రాసేలా చేయండి. 1865లో ఏంజెలో సెక్కి అనే మతాచార్యుడు తెల్లటి పళ్లెం ఒకటి తాడుకు కట్టి నీటిలోకి దించి, అది కనపడకుండా పోయే లోతును కొలిచాడు. ఆ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. వారానికోసారి ఒడ్డున ఉండే బడి పిల్లలు ఆ పళ్లెంతో కొలిచిన లోతునూ మీ రోబో చెప్పిన మసక అంకెనూ పక్కపక్కన పెట్టి చూపించండి. రెండూ ఒకే వైపు కదులుతుంటే జనం మీ యంత్రాన్ని నమ్ముతారు. కదలకపోతే ఆ సంగతి మీకే ముందు తెలియాలి.

ఈ లేఖకు నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. అన్నీ ఒకేసారి సాధ్యం కావని తెలుసు. కాల్వల దగ్గర పరికరాలకు నిధులు కావాలి, ఒప్పందాలు మార్చడానికి సమయం కావాలి. కానీ రోజులోకెల్లా తక్కువ ఆక్సిజన్ అంకెను బోర్డు మీద రాయడానికి, కాలిబ్రేషన్ రికార్డులు బయటపెట్టడానికి, అలారం వస్తే కదలాల్సిన అధికారి హోదా ప్రకటించడానికి కొత్తగా పైసా ఖర్చు లేదు. ఆ మూడూ ఈ నెలలోనే చేయవచ్చు. రోబో లాగ్ ఫైళ్లు మాకు పంపితే, అదే రోజుల్లో తీసిన ల్యాబ్ ఫలితాలతో పోల్చి, ఎక్కడెక్కడ తేడా ఉందో రాసి ఇచ్చే పని మా సొంత సమయంలో, ఉచితంగా చేయడానికి నేనూ నా సహోద్యోగులూ సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసే ఒక పౌరుడు